ఓడ కెప్టెన్ల శిక్షలు: 17వ శతాబ్దపు నావికుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ జవాబులు ఎక్కువగా 1600 నుంచి 1700 దాకా సముద్రం మీద తిరిగిన డచ్, ఇంగ్లీషు ఓడల గురించి. నిబంధనల పత్రాలు, విచారణ రికార్డులు, నావికులు సొంతంగా రాసుకున్న డైరీలు ఈ రెండు దేశాల నుంచి బాగా మిగిలాయి. మచిలీపట్నం రేవుకు వచ్చిపోయిన కంపెనీ ఓడల్లో ముఖ్యమైనవి కూడా వీళ్లవే. కొన్నిచోట్ల గాయాలు, చావులు వివరంగా ఉన్నాయి. స్కూలు ప్రాజెక్టు కోసం పిల్లలకు ఇచ్చేముందు ఒకసారి మీరు చదివి చూసుకోండి.

ఓడ ఎక్కాక కెప్టెన్ మాటే చట్టమా? అడిగేవాళ్లే లేరా?

సగమే నిజం. రాసిపెట్టిన నియమాలు చాలానే ఉండేవి. పశ్చిమ ఐరోపా నావికులు 12వ శతాబ్దం నుంచి పాటిస్తూ వచ్చిన ఒలెరాన్ నియమాల ప్రకారం కెప్టెన్ ఒక దెబ్బ వేస్తే నావికుడు ఓర్చుకోవాలి. మళ్లీ చెయ్యెత్తితే మాత్రం తనను తాను కాపాడుకోవచ్చు. 1602లో పుట్టిన డచ్ ఈస్టిండియా కంపెనీ తన ఓడల్లో పెద్ద నిబంధనల పత్రం ఒకటి అందరికీ చదివి వినిపించి, పాటిస్తామని ఒట్టు వేయించుకునేది. పెద్ద శిక్షలు ఓడ నడిపే స్కిప్పర్ ఒక్కడే వేయడానికి లేదు. ఓడలోని ముఖ్య అధికారుల సభ కూర్చుని తేల్చాలి. ఇంగ్లండులో నౌకాదళానికి 1652లో ఒకసారి, రెండో చార్లెస్ గద్దెనెక్కాక 1661లో మరోసారి శిక్షా నియమాలు వచ్చాయి.

ఆ 1661 చట్టంలో చాలా నేరాలకు మరణశిక్ష రాసి ఉంటుంది. దాన్ని మించి నాకు భయం పుట్టించేది చివర్లో కనిపించే ఒక చిన్న నియమం. ఇందులో చెప్పని తప్పులు ఏవైనా ఉంటే, సముద్రం మీద వాడుకలో ఉన్న ఆచారం ప్రకారం శిక్షించవచ్చని దాని సారాంశం. ఆచారం ఏమిటో తెలిసినవాడు ఎవరు? కెప్టెనే.

కాబట్టి ఆనాటి క్రూరత్వానికి చట్టం లేకపోవడమే కారణమంటే నేను ఒప్పుకోను. శిక్షల్లో చాలావరకు చట్టబద్ధమే. కెప్టెన్ హద్దు దాటినప్పుడు అతన్ని నిలదీస్తారా లేదా అన్నది మాత్రం దెబ్బ తిన్నవాడు ఎవరు, ఒడ్డున అతని తరఫున మాట్లాడేవాళ్లు ఎవరు అన్నదాని మీద ఉండేది. కింద కిడ్, డాంపియర్ కేసులు చూస్తే ఈ సంగతి మీకే అర్థమవుతుంది.

మామూలు తప్పులకు ఏ శిక్షలు పడేవి?

తాగి గొడవ చేయడం, బూతులు, చిన్న దొంగతనాలు, ఎదురు చెప్పడం. రోజూ జరిగేవి ఇవే. వీటికి మొదటి మెట్టు సంకెళ్లు. డెక్ మీద ఒక పొడవాటి ఇనుప కడ్డీ, దానికి గుచ్చిన రింగులు ఉంటాయి. రింగుల్లో కాళ్లు బిగించి తాళం వేసి, ఎండైనా వానైనా అక్కడే కూర్చోబెడతారు.

తర్వాతది లంగరు మోకు చుట్టే పెద్ద రాట్నం. దాన్ని తిప్పడానికి వాడే దుడ్డుకర్రను చొక్కా చేతుల గుండా ఇటు నుంచి అటు దూర్చి, మనిషి రెండు చేతులూ బార్లా చాపించి కట్టేస్తారు. మెడకు ఫిరంగి గుండ్లు నింపిన బుట్టో బకెట్టో తగిలిస్తారు. ఎంతసేపు అనేది కెప్టెన్ ఇష్టం. పైకి రక్తం కనిపించని శిక్ష కాబట్టి చదివేటప్పుడు తేలిగ్గా దాటేస్తాం. మెడ, భుజాలు ఏమవుతాయో ఒకసారి ఊహించుకోండి.

తెరచాప కట్టే అడ్డదూలం చివరి నుంచి సముద్రంలోకి పడేయడం ఇంకో శిక్ష. నడుముకో చంకల కిందో మోకు కట్టి పైకి లాగి, ఒక్కసారిగా వదిలేస్తారు. మళ్లీ పైకి, మళ్లీ కిందికి. మామూలుగా మూడుసార్లు. ఇంగ్లీషు నౌకాదళంలో ఆ సమయానికి ఒక ఫిరంగి పేల్చేవారు. చుట్టుపక్కల ఓడల్లోని వాళ్లు కూడా డెక్ మీదికొచ్చి చూడాలని.

అబద్ధాలు చెప్పేవాళ్లకు వేరే లెక్క. వర్జీనియా వలస వల్ల పేరుపడ్డ కెప్టెన్ జాన్ స్మిత్ 1620లలో ఓడ పనుల గురించి రాస్తూ దీన్ని వివరించాడు. సోమవారం ఉదయం ఎవడు మొదట అబద్ధం చెబుతూ దొరికితే వాడి పేరు పెద్ద తెరచాప కొయ్య దగ్గర అందరూ కలిసి అరుస్తారు. ఆ వారమంతా వాడు డెక్ కడిగేవాడి కింద పనిచేస్తూ ఓడ ముక్కు భాగం శుభ్రం చేయాలి. నావికులు మరుగుదొడ్డిగా వాడేది ఆ చోటునే.

కాపలా వేళ నిద్రపోవడాన్ని మాత్రం ఎవరూ క్షమించేవారు కాదు. అంతకు ముందటి శతాబ్దపు ఇంగ్లీషు నియమాల్లో దీనికి నాలుగు మెట్లున్నాయి. మొదటిసారి నెత్తిన బకెట్ నీళ్లు. రెండోసారి చేతులు పైకి కట్టి చొక్కా చేతుల్లోకి నీళ్లు. మూడోసారి కొయ్యకు కట్టేసి చేతులకు బరువులు. నాలుగోసారి ఒక బుట్టలో కూర్చోబెట్టి, ఓడ ముందు పొడుచుకొచ్చిన దూలానికి వేలాడదీస్తారు. లోపల ఒక రొట్టె, కాస్త బీరు, పదునైన కత్తి పెడతారు. ఆకలితో చావడమా, తాడు కోసుకుని సముద్రంలో పడడమా అన్నది వాడి ఇష్టం.

ఓడ అడుగు నుంచి మనిషిని లాగడం నిజంగా జరిగేదా?

జరిగేది. డచ్ నౌకాదళపు 1560 నాటి ఉత్తర్వుల్లోనే ఈ శిక్ష ఉంది. 17వ శతాబ్దపు ఇంగ్లీషు నావిక రచనల్లో కూడా దీని వర్ణన కనిపిస్తుంది. సినిమాల్లో ఓడ ముక్కు నుంచి వెనక చుక్కాని దాకా పొడుగునా లాగినట్టు చూపిస్తారు గానీ, మామూలుగా అడ్డంగా, ఒక పక్క నుంచి రెండో పక్కకు లాగేవారు.

ముందుగా ఒక మోకును ఓడ అడుగు కిందుగా పోనిచ్చి రెండు కొసలూ రెండు వైపుల దూలాల మీదుగా డెక్ మీదికి తెస్తారు. మనిషిని ఆ మోకుకు బిగించి, చేతులు కట్టేస్తారు. కాళ్లకు సీసం గానీ ఇనుము గానీ బరువు కడతారు. ఒక వైపు దూలం నుంచి నీళ్లలోకి వదిలి, రెండో వైపున్నవాళ్లు మోకు లాగుతారు. మనిషి ఓడ కింద నుంచి వెళ్లి అటు పక్కన తేలతాడు. కాసేపు ఊపిరి తీసుకోనిచ్చి మళ్లీ అదే పని. మూడుసార్లు లాగడం మామూలు.

బరువు కట్టింది మనిషిని ముంచి చంపడానికి అనుకుంటాం. నిజానికి అది కాస్త దయ కిందికే వస్తుంది. నెలల తరబడి నీళ్లలో నానిన ఓడ అడుగున నాచు, కత్తి అంచుల్లాంటి గుల్లలు దట్టంగా పట్టి ఉంటాయి. మనిషి కిందికి దిగకపోతే వాటికి ఒరుసుకుని చర్మం ఊడివస్తుంది, తల పగులుతుంది. బాగా కిందికి దిగితే గుల్లల నుంచి తప్పించుకుంటాడు. కానీ దూరం ఎక్కువై ఊపిరి చాలదు. అందుకే నోటికి నూనెలో ముంచిన స్పాంజి కట్టేవారని కొన్ని డచ్ వర్ణనలు చెబుతాయి. మోకు ఎంత వదలాలి, ఎంత వేగంగా లాగాలి అన్నది లాగేవాళ్ల చేతిలో ఉంటుంది. వాళ్లు ఎవరు? అతని పక్కన పడుకునే తోటి నావికులే.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో లీవ్ వెర్‌స్కూయర్ వేసిన ఒక పెయింటింగ్ ఉంది. అడ్మిరల్ యాన్ వాన్ నెస్ ఓడలోని సర్జన్‌కు ఈ శిక్ష అమలు చేస్తున్న దృశ్యం అది. మనిషి చిన్న బొమ్మలా దూలానికి వేలాడుతుంటాడు. బొమ్మలో ఎక్కువ చోటు ఆక్రమించింది చుట్టూ మూగిన పడవలు, ఓడలు, చూడ్డానికొచ్చిన జనం.

కత్తి దూస్తే చెయ్యిని కొయ్యకు దిగ్గొట్టేవారట?

అవును, డచ్ కంపెనీ నిబంధనల్లోనే ఉంది. తోటివాడి మీద కత్తి దూసినవాడి అరచేతిని అదే కత్తితో తెరచాప కొయ్యకు గుచ్చుతారు. విడిపించరు. చెయ్యి తనంతట తనే లాక్కోవాలి. హత్య చేస్తే, చచ్చినవాడి శవానికి హంతకుణ్ణి కట్టి ఇద్దర్నీ కలిపి సముద్రంలోకి తోసేస్తారు.

డచ్ వాళ్లు కనిపెట్టినవి కావు ఇవి. 1190లో ఇంగ్లండు రాజు మొదటి రిచర్డ్ క్రూసేడ్ అనే మతయుద్ధానికి పంపిన ఓడల కోసం రాయించిన నియమాల్లో, కత్తితో రక్తం కళ్లజూసినవాడి చెయ్యి నరకాలని, హంతకుణ్ణి శవానికి కట్టి నీళ్లలో వేయాలని ఉంది. దొంగ తల గొరిగి, మరిగే కీలు పోసి, ఈకలు చల్లి, కనిపించిన మొదటి ఒడ్డున దించేయాలని కూడా ఉంది. ఐదొందల ఏళ్లలో ఓడలు మారాయి, దిక్సూచులు, పటాలు వచ్చాయి, శిక్షల పుస్తకం మాత్రం పెద్దగా మారలేదు.

తొమ్మిది తోకల కొరడా ఆ కాలందేనా?

17వ శతాబ్దం చివరి నాటికి ఇంగ్లీషులో ఆ పేరు వాడుకలో ఉంది. దానికి పెద్ద పేరొచ్చింది మాత్రం తర్వాతి వంద ఏళ్లలో. 17వ శతాబ్దంలో ఎక్కువగా వాడింది మోకు ముక్క, బెత్తం.

ఓడల్లో చిన్న కుర్రాళ్లు కూడా ఉండేవారా? వాళ్లనూ కొట్టేవారా?

ఉండేవారు. పదేళ్లు దాటిన పిల్లలు పనివాళ్లుగా, అప్రెంటిస్‌లుగా చేరేవారు. ఇంగ్లీషు ఓడల్లో సోమవారం ఉదయం వాళ్ల లెక్క తేల్చే రోజు. వారమంతా చేసిన తప్పులన్నిటికీ కలిపి బోసన్ కొరడాతో కొట్టేవాడు. బోసన్ అంటే డెక్ మీద మోకులు, తెరచాపల పని చేయించే మేస్త్రీ. ఆ సోమవారం దెబ్బలు సరిగ్గా పడకపోతే ఓడకు మంచి గాలి తగలదని కొందరు నావికులు గట్టిగా నమ్మేవారు. తప్పు చేయని కుర్రాడి సంగతేంటని ఎవరైనా అడిగారో లేదో గానీ, గాలి ఆగిపోయిన వారం ఆ పిల్లల పరిస్థితి తలచుకుంటే పాపం అనిపిస్తుంది.

శిక్ష అని పేరు పెట్టకుండా పెట్టే బాధలు కూడా ఉండేవా?

నా దృష్టిలో అసలు హింస అదే. పైన చెప్పిన పెద్ద శిక్షలు ఒక ప్రయాణంలో ఒకటో రెండో జరుగుతాయి. బెత్తం దెబ్బలు మాత్రం రోజూ పడేవి. ఇంగ్లీషు చట్టం దృష్టిలో కెప్టెన్ తన మనుషుల్ని ‘మితంగా’ దండించవచ్చు, తండ్రి కొడుకును, మేస్త్రీ అప్రెంటిస్‌ను దండించినట్టు. ఎంతవరకు మితం అన్నది మాత్రం ఎవరూ కొలిచి చెప్పలేదు.

రెండోది తిండి. 1670లలో ఇంగ్లీషు నౌకాదళ నావికుడికి రోజుకు ఒక పౌను గట్టి బిస్కెట్, ఒక గాలన్ బీరు, వారంలో కొన్ని రోజులు ఉప్పు మాంసం, బఠాణీలు, మిగతా రోజుల్లో చేప ఇవ్వాలని లెక్క. సరుకు తగ్గిపోతే నలుగురి కూడు ఆరుగురికి పంచేవారు. దానికి పరిహారంగా ఇచ్చే డబ్బును నావికులు ‘కడుపు మాడిన డబ్బు’ అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవారు. అదీ నౌకాదళంలోనే. వ్యాపార ఓడల్లో నావికులు కడుపు మాడ్చుకుంటే మిగిలేది యజమానికీ, ఒక్కోసారి కెప్టెన్‌కీ లాభం.

మూడోది జీతం. ఎడ్వర్డ్ బార్లో అనే ఇంగ్లీషు నావికుడు 1659లో అప్రెంటిస్‌గా చేరి 40 ఏళ్లకు పైగా సముద్రం మీదే గడిపాడు. 1672లో డచ్ వాళ్ల చేతికి చిక్కి జావాలో ఖైదీగా ఉన్నప్పుడు తన జీవితం రాయడం మొదలుపెట్టాడు. తనే బొమ్మలు కూడా వేసుకున్న ఆ డైరీ ఇప్పుడు లండన్ గ్రీనిచ్‌లోని సముద్రయాన మ్యూజియంలో ఉంది. అందులో కొరడా దెబ్బల కంటే ఎక్కువగా కనిపించేది పుచ్చిన తిండి మీద, సరుకు తడిసిందని జీతంలో కోత పెట్టే యజమానుల మీద కోపం. తుఫానులో సరుకు తడిస్తే దానికి నావికుడు బాధ్యుడా? యజమానుల లెక్క ప్రకారం అవును.

అంత కఠినంగా ఉండాల్సిన అవసరం ఏమొచ్చింది?

కెప్టెన్ల వైపు నుంచి చూస్తే భయం. వంద, రెండొందల మంది మగవాళ్లు, ఇరుకు డెక్‌లు, నెలల తరబడి నేల కనిపించని ప్రయాణం. అటు పక్క తుపాకులున్నవాళ్లు పదిమంది కూడా ఉండరు.

పైగా వచ్చినవాళ్లు అందరూ ఇష్టపడి వచ్చినవాళ్లు కారు. ఇంగ్లండులో యుద్ధం వస్తే బలవంతంగా పట్టుకుపోయేవారు. హాలండ్ రేవుల్లో దళారులు ఊరుగాని ఊరు నుంచి వచ్చిన కుర్రాళ్లకు కూడు, నీడ చూపించి అప్పుల్లో ముంచి, ఆ అప్పు జీతంలోంచి వసూలు చేసుకునే కాగితం రాయించుకుని కంపెనీ ఓడ ఎక్కించేవారు. 1602 నుంచి కంపెనీ మూతపడేదాకా దాదాపు 10 లక్షల మంది ఆ ఓడల్లో ఆసియాకు బయల్దేరారు. తిరిగి ఇల్లు చేరినవాళ్లు సగం కూడా లేరు. రోగాలే ఎక్కువ మందిని తీసుకుపోయాయి.

బటావియా ఓడ కథ ఏమిటి?

1628 అక్టోబరులో హాలండ్ నుంచి జావాకు బయల్దేరిన డచ్ కంపెనీ ఓడ బటావియా. పై అధికారి ఫ్రాన్సిస్కో పెల్సార్ట్ నావికుడు కాదు, వ్యాపారి. ఓడ నడిపే స్కిప్పర్ ఆరియన్ యాకబ్స్. ఇద్దరికీ సూరత్‌లో ఉన్నప్పటి నుంచే పడదు. దారిలో ఆఫ్రికా కొన దగ్గర స్కిప్పర్ తాగి గొడవపడితే పెల్సార్ట్ గట్టిగా చీవాట్లు పెట్టాడు. ఆ అవమానంతో స్కిప్పర్, అతనితో చేతులు కలిపిన జెరోనిమస్ కార్నెలిస్ అనే కింది వ్యాపారి ఓడను స్వాధీనం చేసుకోవాలని పథకం వేశారు.

నాకు ఆశ్చర్యం వేసేది ఆ పథకంలోని ఎత్తు. ప్రయాణికుల్లో ఒక పెద్దింటి ఆవిడ ఉంది, పేరు లుక్రేషియా. రాత్రిపూట ముసుగులేసుకున్న మనుషులు ఆవిడ మీద పడి, ఒంటికి తారు, మలం పూశారు. దీనికి పెల్సార్ట్ కచ్చితంగా కఠిన శిక్షలు వేస్తాడు, అప్పుడు నావికులంతా రగిలిపోతారు, తిరుగుబాటుకు అదే నిప్పు. ఇదీ వాళ్ల లెక్క. అంటే, కెప్టెన్ క్రూరంగా శిక్షిస్తేనే జనం తమ వైపు వస్తారని తిరుగుబాటుదార్లకు అంత నమ్మకం. పెల్సార్ట్ జబ్బుపడి ఉండి తొందరపడలేదు.

ఈలోగా 1629 జూన్ 4న ఓడ ఆస్ట్రేలియా పశ్చిమ తీరం దగ్గరి చిన్న దీవుల గుట్టల్లో బద్దలైంది. పెల్సార్ట్, స్కిప్పర్ మరికొందరు ఒక పెద్ద పడవలో సాయం కోసం జావా వెళ్లారు. మిగిలినవాళ్ల మీద కార్నెలిస్ పెత్తనం మొదలైంది. ఆడవాళ్లు, పసిపిల్లలతో సహా వంద మందికి పైగా చంపించాడు. సెప్టెంబరులో పెల్సార్ట్ ఇంకో ఓడతో తిరిగొచ్చి వాళ్లను పట్టుకున్నాడు.

డచ్ చట్టం ప్రకారం మరణశిక్షకు నిందితుడు నేరం ఒప్పుకోవాలి. ఒప్పించడానికి నీళ్ల చిత్రహింస పెట్టారు. మెడ చుట్టూ గుడ్డతో గరాటులా కట్టి నీళ్లు పోస్తుంటే, ఊపిరి కావాలంటే మింగాల్సిందే. అక్టోబరు 2న ఆ దీవిలోనే ఏడుగురిని ఉరితీశారు. ముందుగా కార్నెలిస్ రెండు చేతులూ నరికారు. కొందరికి మూడుసార్లు ఓడ కిందుగా లాగడం, వంద కొరడా దెబ్బలు పడ్డాయి. ఇద్దర్ని ఆస్ట్రేలియా ఒడ్డున దించేసి వెళ్లిపోయారు. ఆ ఖండం మీద స్థిరపడ్డ మొదటి ఐరోపావాళ్లు వీళ్లేనని అంటారు. తర్వాత వాళ్ల జాడ లేదు. కార్నెలిస్ మనుషులు అంతటి ఘోరం చేశారు కాబట్టి ఇక్కడ శిక్షల మీద మనకు జాలి పుట్టదు. కానీ పై కోర్టు లేకుండా, నలుగురైదుగురు అధికారుల సంతకాలతో ఇవన్నీ అక్కడికక్కడే జరిగిపోవచ్చన్నది గమనించాలి.

నావికుణ్ణి చంపినందుకు ఎప్పుడైనా కెప్టెన్‌కు ఉరి పడిందా?

పడింది. పేరు విలియం కిడ్. సముద్రపు దొంగగా అతని పేరు అందరికీ తెలుసు, హత్య కేసు సంగతి తక్కువమందికి తెలుసు.

1697 అక్టోబరు 30న కిడ్ ఓడ అడ్వెంచర్ గ్యాలీ మలబారు తీరం దగ్గర ఉంది. నెలలు గడుస్తున్నా చేతికి దోపిడీ సొమ్ము రాలేదు, నావికులు అసహనంగా ఉన్నారు. ఫిరంగుల మేస్త్రీ విలియం మూర్ డెక్ మీద కూర్చుని ఉలి నూరుకుంటున్నాడు. ఒక డచ్ ఓడను వదిలేసిన విషయం మీద కెప్టెన్‌తో మాటామాటా పెరిగింది. కిడ్ అతన్ని పేలు పట్టిన కుక్క అని తిట్టాడు. నేను కుక్కనైతే నన్ను అలా చేసింది నువ్వే, నన్నూ ఇంకా చాలామందినీ నాశనం చేశావు అని మూర్ ఎదురు చెప్పాడు. కిడ్ అటూఇటూ తిరిగి, ఇనుప పట్టీలున్న ఒక చెక్క బకెట్ అందుకుని అతని తల పక్కన ఒక్కటి వేశాడు. పుర్రె పగిలింది. మర్నాడు మూర్ చచ్చిపోయాడు. తర్వాత అభియోగపత్రంలో ఆ బకెట్ ఖరీదు ఎనిమిది పెన్నీలని కూడా రాశారు, అప్పటి కోర్టు పద్ధతి అది.

1701 మేలో లండన్‌లో విచారణ జరిగింది. తిరుగుబాటు పుడుతోంది, కోపంలో కొట్టాను, చంపాలని కాదు అన్నాడు కిడ్. ఓడ సర్జన్ రాబర్ట్ బ్రాడిన్‌హామ్ సాక్ష్యం మాత్రం వేరేగా ఉంది. మూర్ పోయిన రెండు నెలలకు కిడ్ తనతో, ఆ చావు గురించి పెద్దగా బెంగ లేదు, ఇంగ్లండులో ఉన్న నా స్నేహితులు నన్ను బయటపడేస్తారు అన్నాడని చెప్పాడు. మే 23న కిడ్‌ను థేమ్స్ ఒడ్డున ఉరితీశారు. మొదటిసారి తాడు తెగింది, మళ్లీ వేలాడదీశారు. శవానికి తారు పూసి నది ఒడ్డున ఇనుప చట్రంలో ఏళ్ల తరబడి ఉంచారు.

మూర్‌కు న్యాయం జరిగిందా? నాకు అలా అనిపించదు. కిడ్ 1698 జనవరిలో పట్టుకున్న, మొఘల్ పెద్దల సరుకు కూడా ఉన్న కేదా మర్చంట్ ఓడ వల్ల మొఘల్ అధికారులు సూరత్‌లోని ఇంగ్లీషు కంపెనీ మీద విరుచుకుపడ్డారు. కంపెనీకి కిడ్ తల కావాలి. అతనికి డబ్బు పెట్టిన పెద్ద మనుషులు పార్లమెంటులో ఇరుక్కుని చేతులు దులుపుకున్నారు. స్నేహితులు నిజంగానే ఆదుకుని ఉంటే ఆ ఫిరంగుల మేస్త్రీ పేరు ఇవాళ మనకు తెలిసేదా?

డాంపియర్ మీద కోర్టు మార్షల్ (సైనిక విచారణ) ఎందుకు జరిగింది?

విలియం డాంపియర్ ప్రపంచం చుట్టొచ్చిన యాత్రికుడు, చెట్లూ గాలులూ గురించి చక్కగా రాసినవాడు. 1699లో రోబక్ అనే నౌకాదళ ఓడకు కెప్టెన్‌గా ఆస్ట్రేలియా బయల్దేరాడు. తన కింది లెఫ్టినెంట్ జార్జ్ ఫిషర్‌తో మొదటి నుంచీ గొడవే. ఒకరోజు అతన్ని బెత్తంతో బాది, సంకెళ్లు వేయించి, గదిలో పెట్టి తాళం వేయించాడు. బ్రెజిల్‌లోని బాహియా చేరగానే అక్కడి పోర్చుగీసు జైల్లో వేయించి వెళ్లిపోయాడు. ఫిషర్ ఎలాగో ఇంగ్లండు చేరి ఫిర్యాదు చేశాడు.

1702 జూన్‌లో కోర్టు మార్షల్ తీర్పు వచ్చింది. లెఫ్టినెంట్ పట్ల చాలా కఠినంగా, క్రూరంగా ప్రవర్తించాడు, జీతమంతా జరిమానా, రాణిగారి ఏ ఓడకూ కెప్టెన్‌గా పనికిరాడు. మరుసటి ఏడాదే అతను ప్రైవేటు యుద్ధ ఓడ ఒకదానికి కెప్టెన్‌గా మళ్లీ సముద్రం ఎక్కాడు.

ఫిషర్ ఆఫీసరు. చదువు ఉంది, ఫిర్యాదు రాయడం తెలుసు, వినేవాళ్లున్నారు. అదే దెబ్బలు మామూలు నావికుడు తిని ఉంటే విచారణ దాకా వచ్చేదంటే నాకు నమ్మకం లేదు.

మామూలు నావికుడికి కోర్టుకెళ్లే దారే లేదా?

ఉంది. సముద్ర వ్యవహారాలు చూసే లండన్ అడ్మిరల్టీ కోర్టులో నావికులు ఉమ్మడిగా కేసు వేయవచ్చు, జీతాల కేసుల్లో గెలిచేవారు కూడా. దెబ్బల కేసులూ వచ్చాయి. చిక్కల్లా ఓడ ఒడ్డు చేరేదాకా ఆగాలి, సాక్షులు వేరే ఓడ ఎక్కి వెళ్లిపోకుండా చూసుకోవాలి, మళ్లీ పని దొరకదేమోనన్న టెన్షన్ భరించాలి.

మరి తిరగబడలేదా?

తిరగబడ్డారు. 1611 జూన్‌లో ఉత్తర అమెరికా మంచు సముద్రంలో హెన్రీ హడ్సన్ నావికులు అతన్ని, అతని కొడుకును, మరో ఏడుగురిని చిన్న పడవలో దించి వదిలేశారు. వాళ్లు మళ్లీ కనిపించలేదు. గొడవ ప్రధానంగా తిండి గురించి: కెప్టెన్ రొట్టె దాచుకుని తనకిష్టమైనవాళ్లకు పెడుతున్నాడని అనుమానం. ఇంగ్లండు చేరినవాళ్లలో కొందరిని 1618లో విచారించి వదిలేశారు. ఉత్తర సముద్ర మార్గం గురించి తెలిసిన మనుషులు కావడం వాళ్లకు కలిసొచ్చిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం.

తిరుగుబాటు అరుదు. ఎక్కువమంది చేసింది పారిపోవడం. రేవు తగిలితే ఓడ దిగి మాయమైపోయేవారు.

సముద్రపు దొంగల ఓడల్లో నయంగా ఉండేదా?

ఒక విషయంలో నయం. చాలా దొంగ ఓడల్లో కెప్టెన్‌ను నావికులే ఎన్నుకునేవారు, నచ్చకపోతే దించేసేవారు. కిందివాణ్ణి తోచినట్టు కొట్టే కెప్టెన్ పదవిలో నిలిచేవాడు కాదు. బందీల విషయంలో మాత్రం ఆ దయ వెతకొద్దు.

పలక మీద నడిపించి సముద్రంలో పడేయడం?

17వ శతాబ్దపు ఓడల శిక్షల్లో అది లేదు. 19వ శతాబ్దపు కథల వల్ల పేరొచ్చింది.

మన తీరానికి దీనితో సంబంధం ఉందా?

ఉంది. డచ్ వాళ్లు 1605–06లో, ఇంగ్లీషు కంపెనీ 1611లో మచిలీపట్నంలో దిగారు. ఇంగ్లీషువాళ్లను తెచ్చిన ఓడ పేరు గ్లోబ్. బటావియా కథలోని పెల్సార్ట్ కూడా 1620లో మచిలీపట్నం నుంచే నేల మీదుగా సూరత్ వెళ్లాడు. నర్సాపురం దగ్గర గోదావరి పాయల్లో ఓడలు కట్టేవారు, బాగు చేసేవారు, కంపెనీలు అక్కడ పనులు చేయించుకునేవి.

పారిపోయిన నావికులకు కూడా ఈ ప్రాంతం తెలుసు. గోల్కొండ, మొఘల్ సైన్యాల్లో ఐరోపా ఫిరంగిదార్లకు మంచి జీతాలిచ్చేవారు. వాళ్లలో కంపెనీ ఓడల నుంచి తప్పించుకున్నవాళ్లు ఉండేవారు. ఓడ మీద బెత్తం దెబ్బలు తిన్నవాడు కోట బురుజు మీద దొరలా బతకొచ్చు.

ఇక ఆసియా ఓడల్లో పనిచేసే కళాసీలకు వాళ్ల సొంత పెద్దలుండేవారు: పైన సరంగు, కింద టండేలు. గోదావరి లాంచీల మీద సరంగు అనే పిలుపు ఇప్పటికీ వింటాం. తెల్ల కెప్టెన్ మాట సరంగు ద్వారానే కళాసీకి చేరేది, జీతాలు కూడా చాలాసార్లు సరంగు చేతి మీదుగానే. దెబ్బలూ అదే దారిలో వచ్చేవి. వాళ్లలో డైరీ రాసుకున్న బార్లో లాంటివాడు మనకు మిగల్లేదు.

ఈ శిక్షలు ఎప్పుడు ఆగిపోయాయి?

చాలా ఆలస్యంగా. 1731లో బ్రిటిష్ నౌకాదళం కోర్టు మార్షల్ లేకుండా కెప్టెన్ 12 కొరడా దెబ్బలు మించి వేయకూడదని నియమం పెట్టింది. కెప్టెన్లు ఒకే గొడవను రెండుమూడు తప్పులుగా విడగొట్టి, ఒక్కోదానికి పన్నెండు చొప్పున వేసేవారు. అమెరికా నౌకాదళంలో కొరడా 1850లో రద్దయింది. ఓడ కిందుగా లాగడాన్ని డచ్ వాళ్లు చట్టం నుంచి తీసేసింది 1850ల్లోనే, అప్పటికి అమలు ఎప్పుడో ఆగిపోయింది. బ్రిటన్ 1871లో శాంతికాలానికి, 1879లో యుద్ధకాలానికి కూడా కొరడాను ఆపేసింది. కుర్ర నావికుల్ని బెత్తంతో కొట్టడం మాత్రం 20వ శతాబ్దంలో కూడా చాలాకాలం సాగింది.